రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ పనికిరాదు

మీ కంప్యూటర్‌ను నీటితో చల్లబరిచే ఏర్పాటులో అమలాపురం బోరు నీళ్లు పోశాక తెల్లటి మడ్డి పేరుకుని ప్రాసెసర్ వేడెక్కుతోందన్నారు. తప్పు పంపుది కాదు, లోహాల జోడీది. మీ బ్లాకు (ప్రాసెసర్ మీద బిగించే, లోపల నీరు పారే లోహపు దిమ్మ) రాగిది, కారు నుంచి తీసిన రేడియేటర్ అల్యూమినియంది. ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తుప్పు పట్టి అరిగిపోతుంది. బోరు నీటిలో ఉప్పుంటే మరీ వేగంగా.

1. రాగి, ఇత్తడి రేడియేటరే కొనండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పెట్టె మీద రాసింది నమ్మకండి. కొనేముందు దుకాణదారుణ్ని అడిగి, రేడియేటర్ నీటి గొట్టం అంచున నల్ల రంగు కొద్దిగా గీకి చూడండి. ఎర్రగానో పసుపుగానో మెరవాలి. వెండిలా తెల్లగా ఉంటే వద్దు. ఫిటింగులు ఇత్తడివి కావాలి, నికెల్ పూత ఉన్నా ఫరవాలేదు.

3. బ్లాకు విప్పి, సన్నని గాడుల్లోని మడ్డిని మెత్తటి బ్రష్షుతో కడగండి.

4. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నిరోధక ద్రవం కలిపి పోయండి.

5. నీటి తొట్టి పంపుకన్నా ఎత్తులో ఉండాలి.