శాసనం అచ్చు: తడి అదను తప్పితే అక్షరం అలుక్కుపోతుంది

ప్రశ్న: మా యూనివర్సిటీ చరిత్ర శాఖ తరఫున అందరూ వినగలిగేలా కాకతీయ శాసనాల మీద ఉపన్యాసం, ఆ వెంటనే అచ్చు తీయడంపై, అంటే రాతి మీద తడి కాగితం అతికించి సిరా అద్ది అక్షరాలను కాగితానికి ఎక్కించడంపై, వర్క్‌షాప్ పెడుతున్నాం. పోయినసారి అక్షరాలు సగం అలుక్కుపోయాయి. ఎందువల్ల?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: కాగితం తగినంత ఆరకముందే సిరా అద్ది ఉంటారు. ఈ పనిలో కష్టమంతా ఆ అదను పట్టుకోవడంలోనే ఉంది.

రాయిని నీళ్లతో, మెత్తని బ్రష్షుతోనే కడగండి. ఇనుప తీగల బ్రష్షు, యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. కాగితాన్ని శాసనం కంటే చుట్టూ 2 అంగుళాలు ఎక్కువగా కత్తిరించి, తడిపి, పైనుంచి కిందికి అతికించాలి. గాలి బుడగలను మధ్యనుంచి అంచులకు తోసేయాలి. బుడగ మిగిలినచోట అక్షరం పడదు. తర్వాత గట్టి కుచ్చు బ్రష్షుతో నిటారుగా కొడుతూ కాగితాన్ని గాడుల్లోకి దింపాలి. పక్కకు రుద్దితే చిరుగుతుంది. చిరిగినచోట తడి ముక్క వేసి మళ్లీ కొడితే అతుక్కుంటుంది.

ఇప్పుడు ఆగాలి. కాగితం మీద నీటి మెరుపు పోవాలి, తాకితే చల్లగా ఉండాలి, వేలికి తడి అంటకూడదు. మరీ ఆరితే గాడుల్లోంచి లేచిపోతుంది. మసి, తుమ్మబంక కలిపిన సిరాను గుడ్డ మెత్తకు పట్టించి, ముందు చిత్తు కాగితం మీద ఒకసారి తట్టి, ఆ తర్వాతే అచ్చు మీద పలచగా, పొర మీద పొరగా తట్టండి. గాడుల్లోని అక్షరాలు తెల్లగా మిగులుతాయి. పూర్తిగా ఆరాక ఒలిచి, వెనక పెన్సిలుతో ఊరు, చోటు, రాతి ఏ ముఖమో, తేదీ రాయండి. ఇది రాయని అచ్చు ఎంత బాగా వచ్చినా పరిశోధనకు పనికిరాదు.

కొత్తవాళ్ల చేతికి అసలు శాసనం ఇవ్వకండి. శిల్పితో నాలుగేసి పంక్తులు చెక్కించిన రాతి పలకలు చాలు; 20 మందికి 5 పలకలు. వేయిస్తంభాల గుడిలోని కాకతీయ రాజు రుద్రదేవుని 1163 నాటి శాసనం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా అచ్చు తీయకూడదు. దాన్ని ఉపన్యాసంలో తెర మీద చూపించండి. లిపి చూసి తెలుగే అనుకుంటారు, భాష చాలావరకు సంస్కృతం. లిపి వేరు, భాష వేరని అక్కడే చెప్పవచ్చు.

ప్రశ్న: ఫోన్‌తో ఫొటో తీస్తే చాలదా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: చాలా శాసనాలకు చాలు. ఫ్లాష్ ఎదురుగా వేస్తే గాడుల్లో నీడ పడదు. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. అక్షరాల్లో సుద్ద, పిండి పూయడం మాత్రం వద్దు. అది రాతికీ చెరుపే, పూసినవాళ్ల ఊహ కూడా అక్షరంలో కలిసిపోతుంది.