ఫిలాసఫీలో పీహెచ్‌డీ అంటే నాన్న ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది ఉప్పల్. ఎంఏ ఫిలాసఫీ చేసి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 22 వేల జీతానికి పాఠాలు చెబుతున్నాను. ఈమధ్యే జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. ‘మానవ స్వభావం’ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీయా, ఉస్మానియానా, అమెరికాకు అప్లై చేయాలా అన్నది ఆరు నెలలుగా తేలడం లేదు. నాన్నేమో ‘ఆ చదువు కూడు పెడుతుందా? సంబంధాలు చూడనివ్వు’ అంటున్నారు. ఇంట్లో రోజూ గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందుగా అభినందనలు. జేఆర్‌ఎఫ్ తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఆ మాట ఎవరూ అని ఉండరు, అందుకే చెబుతున్నాను.

ఆరు నెలలుగా తేలకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మూడు చోట్ల పేర్లు రాశారు కానీ మీ ప్రశ్న ఏమిటో రాయలేదు. మానవ స్వభావం అన్నది సముద్రమంత విషయం. మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడా అని అడిగితే అది నీతిశాస్త్రం వైపు వెళుతుంది. ‘నేను’ అనేదే లేదన్న బౌద్ధుల వాదం మీకు ఇష్టమైతే పాళీయో సంస్కృతమో నేర్చుకోక తప్పదు. 1739లో తన గ్రంథానికి మానవ స్వభావం పేరే పెట్టిన స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దగ్గర మొదలుపెడితే దారి ఇంకోటి. ఒక్కో దారికి ఒక్కో రకం గైడ్ కావాలి. ఆ ప్రశ్నను రెండు వాక్యాల్లో రాసుకోండి. దానిమీద ఎవరు పని చేస్తున్నారో వెతికి, వారి వ్యాసాలు రెండైనా చదవండి. ఉప్పల్‌కు దగ్గరని ఉస్మానియాను, పేరుందని గచ్చిబౌలిని ఎంచుకోవద్దు.

గైడ్‌కు ఇంకా ఎన్నేళ్ల సర్వీసు ఉందో కనుక్కోండి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్ అయినా ఒకేసారి ఎనిమిది మందికి మించి గైడ్ చేయలేరు, అంటే ఖాళీ కూడా ఉండాలి. ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్నవాళ్లతో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడండి. ‘రాసిచ్చిన చాప్టర్ ఎన్నాళ్లకు చదివి ఇస్తారు?’ అని అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి.

అమెరికాలో ఐదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇచ్చే చోటైతేనే ఆలోచించండి, అప్పు చేసి మాత్రం వెళ్లకండి. మీ జేఆర్‌ఎఫ్ అక్కడ పనికిరాదు.

ఇక నాన్నగారు. ఆయన కోపం వెనక ఉన్నది భయం. ఆ భయానికి లెక్కతో జవాబు చెప్పాలి. జేఆర్‌ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, మొత్తం ఐదేళ్ల వరకు. ఇంటద్దె భత్యం అదనం. ఇప్పుడు మీరు తెస్తున్న జీతం కన్నా ఎక్కువే. అయితే పీహెచ్‌డీ అయ్యాక పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువన్న మాట కూడా దాచకండి. ఆయన అడిగే ముందే మీరే చెబితే మిమ్మల్ని నమ్ముతారు.

పెళ్లి మాట చదువుతో కలిపి వాదించకండి. సంబంధం వచ్చినప్పుడు మొదటి మాటల్లోనే ‘పీహెచ్‌డీ పూర్తి చేస్తాను’ అని అమ్మ చేత చెప్పించండి. పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ల గడువు మీద మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. ఈ సంగతి అమ్మకు ముందుగా చెప్పి ఉంచండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.