ఇంటి లెక్కలూ వాటా వ్యాపారపు లెక్కలూ ఒకే ఫైలులో ఉండవచ్చా?

ఒంగోలులోని ఇల్లు, టంగుటూరు దగ్గరి సొంత పొగాకు పొలం, మీ అన్నగారితో కలిసి నడిపే దుకాణం, ఈ మూడింటి లెక్కలనూ గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫైలులో రాస్తున్నారు. వీటిని మూడు ఫైళ్లు చేయాలా, ఏటా ఏప్రిల్ 1న కొత్త ఫైలు మొదలుపెట్టాలా అని అడిగారు. దుకాణాన్ని తప్పక విడదీయండి, పొలాన్ని ఇంటితోనే ఉంచండి, ఏడాదికొక ఫైలు మాత్రం వద్దు.

నేను నెల్లూరులో ఉంటాను. ఇందుకూరుపేట వైపు మా బావమరిదితో సగం వాటాకు రొయ్యల గుంట వేసినప్పుడు ఆ పద్దులు కూడా ఇంటి ఫైలులోనే రాసేవాణ్ణి. రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూసుకోవడానికి ఆయన వచ్చి పక్కన కూర్చుంటే మేత, సీడ్ (రొయ్య పిల్లలు), డీజిల్ ఖాతాల నడుమ మా అమ్మ ఆస్పత్రి ఖర్చు, మా ఆవిడ కట్టే చీటీ డబ్బు తెర మీద కనిపించేవి. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయనకు హక్కున్న లెక్కను ఆయన చేతికి ఇవ్వలేకపోతున్నానే అని నాకే బాధ కలిగింది. లాభనష్టాలలో ఇంకొకరికి వాటా ఉన్న ప్రతి వ్యవహారానికీ విడి ఫైలు ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. మీ పొలం మీ ఒక్కరిదే కనుక, ఇంటి ఫైలులో రాబడి కింద ఒకటి, ఖర్చు కింద ఒకటి పెద్ద ఖాతా పెట్టి, ఎరువులు, కూలీలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు, వేలం రాబడి అని ఉపఖాతాలు తీస్తే సరిపోతుంది.

విడదీశాక అసలు జాగ్రత్త రెండు ఫైళ్ల మధ్య కదిలే డబ్బు దగ్గర ఉంటుంది. గ్నూక్యాష్ ఒక ఫైలులోని పద్దును మరో ఫైలుకు చేర్చదు, రెండు చోట్లా మనమే రాయాలి. ఇంటి డబ్బులోంచి గుంటకు 40,000 రూపాయలు ఇచ్చాననుకోండి, అది ఇంటి ఫైలులో ఖర్చు కాదు, ఆస్తుల కింద 'గుంటలో పెట్టుబడి' ఖాతాకు వెళ్తుంది. అదే తేదీన గుంట ఫైలులో అంతే మొత్తం నా పేరిట ఉన్న మూలధనం ఖాతాకు జమ అవుతుంది. నెలాఖరున ఈ రెండు నిల్వలూ పైసాతో సహా కలవాలి. లాభంలో నా వాటాను మూలధనానికి జమ చేసిన రోజే ఇంటి ఫైలులో రాబడిగా రాయకపోతే తేడా అక్కడే మొదలవుతుంది. మీ దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకున్న బియ్యం బస్తాకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఈ సరిపోల్చుకోవడమే ఒకసారి నన్ను కాపాడింది. సేవ్ చేసిన ప్రతిసారీ ఈ సాఫ్ట్‌వేర్ పాత రూపాన్ని అదే ఫోల్డరులో దాచి, దాని పేరులో సంవత్సరం నుంచి సెకను దాకా 14 అంకెలు చేరుస్తుంది. ఒక రాత్రి గుంట ఫైలు అనుకుని రెండు రోజుల కిందటి అలాంటి కాపీని తెరిచాను. చివరగా వాడిన ఫైలునే అది తనంతట తాను తెరుస్తుంది కనుక, తరువాతి తొమ్మిది రోజుల పద్దులూ దానిలోకే వెళ్లాయి. ఆ కాపీలో లేని రెండు రోజుల పద్దుల వల్ల నెలాఖరున మూలధనం 40,000 తక్కువగా కనిపించాక, కిటికీ పైఅంచున ఉన్న ఫైలు పేరు చూస్తే అంకెల వరుస కనబడింది. చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని ఆ తొమ్మిది రోజులనూ అసలు ఫైలులో మళ్లీ రాశాను. అప్పటి నుంచి ఒక్కో ఫైలుకు ఒక్కో ఫోల్డరు, డెస్క్‌టాప్ మీద నేరుగా ఆ ఫైలునే తెరిచే షార్ట్‌కట్ పెట్టుకున్నాను. ఆ కాపీలు మామూలుగా 30 రోజులు నిలుస్తాయి, వాటిని తుడిచివేయకండి.

కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే పేరు చివర ఎల్‌సీకే (.LCK) ఉండే, లెక్కల ఫైలు తెరిచి ఉందని చెప్పే తాళపు ఫైలు మిగిలిపోయి, మరుసటిసారి హెచ్చరిక వస్తుంది. లెక్కల ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి లేదని రూఢి చేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఏడాది లెక్కకు కొత్త ఫైలు అక్కరలేదు. ప్రిఫరెన్సెస్ (సెట్టింగుల)లో అకౌంటింగ్ పీరియడ్‌ను, అంటే లెక్కల కాలాన్ని, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31కి పెడితే నివేదికలు ఆ మేరకే వస్తాయి.

దుకాణపు ఫైలు మొదలుపెట్టేందుకు ఇంటి ఫైలులో ఎక్స్‌పోర్ట్ అకౌంట్స్ అనే ఆదేశం వాడితే పద్దులు లేకుండా ఖాతాల వరుస మాత్రమే కొత్త ఫైలుకు వస్తుంది, ఇంటి ఖాతాలను అందులోంచి తీసేయండి. మీ అన్నగారితో కూర్చుని సరుకు లెక్కపెట్టిన రోజునే ప్రారంభ నిల్వలు వేసి, ఆ తేదీకే ఇంటి ఫైలులోని దుకాణపు నిల్వలను 'దుకాణంలో పెట్టుబడి' ఖాతాకు మార్చండి. అంతకు ముందరి పద్దులను ఉన్నచోటనే ఉండనివ్వండి.