ఉద్యోగం మానేశాక ఆరోగ్య బీమా: ప్రీమియం ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కిందటి నెల ఉద్యోగం మానేసి ఇంటి నుంచే అకౌంట్స్ పని చేసుకుంటున్నాను. ఆఫీసులో ఉన్నప్పుడు ఆరోగ్య బీమాకని జీతంలో కోసుకున్నది చాలా తక్కువ. ఇప్పుడు నా ఒక్కదానికే పాలసీ అడిగితే దానికి మూడు రెట్లు చెబుతున్నారు. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఆ సంగతి రాయకపోతే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు అంటున్నారు. అవసరానికని పక్కన పెట్టుకున్నది 30 వేలు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బీపీ సంగతి తేల్చేద్దాం. దాచకండి. ఆ ఏజెంటు చెప్పిన దారిలో వెళ్లినాయన ఒకరు, కంపెనీ తన క్లెయిమ్ కొట్టేసిందని నా దగ్గరికి ఫైలు పట్టుకొచ్చారు. డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీలో, మూడో వరుసలో, ‘ఆరేళ్లుగా బీపీ, మందులు వాడుతున్నారు’ అని ఉంది. నాలుగేళ్ల కిందట ఆయన ఇచ్చిన ప్రపోజల్ ఫారంలో అదే ప్రశ్నకి ఎదురుగా ‘లేదు’ అని టిక్కు. టిక్కు పెట్టింది ఏజెంటు, కింద సంతకం ఆయనది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక ఆయన తరఫున వాదించడానికి నాకేమీ మిగల్లేదు. ఆస్పత్రిలో చేరిన రోజే బీపీ ఉందని డాక్టరుకి మనమే చెబుతాం, చెప్పి తీరాలి. కాబట్టి ఈ దాపరికం ప్రీమియం కట్టినన్నాళ్లే నిలుస్తుంది, క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

నిజం రాస్తే కంపెనీ కొంచెం ప్రీమియం పెంచవచ్చు, బీపీకి సంబంధించిన చికిత్సకి వెయిటింగ్ పీరియడ్, అంటే ఇంతకాలం గడిచేదాకా క్లెయిమ్ ఇవ్వమన్న గడువు, పెట్టవచ్చు. ఈ రెండూ భరించదగ్గవే. గుండె, కిడ్నీ జబ్బులకి ఎప్పటికీ ఇవ్వం అని రాస్తే మాత్రం ఆ పాలసీ వదిలేసి ఇంకో కంపెనీని అడగండి. మాత్రతో అదుపులో ఉన్న బీపీని అన్ని కంపెనీలూ ఒకేలా చూడవు. ఏజెంటు నోటిమాట వద్దు, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మూడు రెట్లు ఎందుకయిందంటారా? జీతంలో కోసుకున్నది మీ బీమా ఖరీదు కాదు, అందులో మీ వాటా మాత్రమే. ఇలాంటి పాలసీల్లో మిగతాది సాధారణంగా యాజమాన్యం కడుతుంది, అది మన కంటపడదు. పైగా ఆఫీసు పాలసీలో పాతికేళ్ల కుర్రాళ్లూ ఉంటారు, ఏళ్ల తరబడి ఆస్పత్రి గుమ్మం తొక్కనివాళ్లూ ఉంటారు. బీమా కావాలా అని వాళ్లని విడివిడిగా ఎవరూ అడగరు. సొంతంగా కొనడానికి వచ్చేవాళ్లలో అవసరం పడుతుందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు ఎక్కువ. కంపెనీకి ఆ సంగతి తెలుసు కనుక ధరలో ముందే కలుపుతుంది. దానికితోడు ఒక్కొక్కరినీ విడిగా పరిశీలించే ఖర్చు, కమిషను, మీ వయసు. మూడు రెట్లు అనగానే మోసం జరిగిపోతోందని కంగారు పడకండి.

ప్రీమియాన్ని గట్టిగా దించేది డిడక్టిబుల్. ఏడాదిలో మొదట ఇంతవరకు బిల్లు నేను పెట్టుకుంటాను, ఆ పైది మీరు కట్టండి అని ఒప్పుకోవడం. లెక్క తేలిగ్గా ఉండాలని నేనే వేసిన అంకెలు చూడండి. బిల్లంతా కంపెనీయే కట్టే పాలసీకి ఏడాదికి 40 వేలు, మొదటి 50 వేలు మీరు పెట్టుకునే పాలసీకి 24 వేలు అనుకుందాం. ఆస్పత్రి అవసరం పడని ఏడాది మీకు 16 వేలు మిగులుతాయి. పెద్ద బిల్లు వచ్చిన ఏడాది 24, 50 కలిపి 74 వేలు అవుతాయి, అంటే 34 వేలు అదనం. 50ని 16తో భాగిస్తే మూడు పైచిలుకు, అంటే మీరు పెట్టుకున్న 50 వేలు మూడేళ్ల పైచిలుకు మిగులుతో పూడతాయి. ఆస్పత్రిలో చేరాల్సిన పని మూడేళ్లకోసారి కూడా రానివాళ్లకి రెండోదే చవక. మీ వయసులో ఎక్కువమంది ఈ లెక్కలోకే వస్తారు. మీకు చెప్పిన ప్రీమియంలు తీసుకుని ఇదే భాగహారం చేసుకోండి. అకౌంట్స్ చూసే మీకు ఐదు నిమిషాల పని.

కో-పే, అంటే ప్రతి బిల్లులో ఇంత శాతం మనం కట్టడం, కూడా ఇలాంటిదేగా అంటారు చాలామంది. ఎంతమాత్రం కాదు. 20 శాతం కో-పే ఉంటే లక్ష బిల్లుకి మీ వాటా 20 వేలు, 10 లక్షల బిల్లుకి 2 లక్షలు. డిడక్టిబుల్ అయితే రెండు చోట్లా 50 వేలు దాటదు. జబ్బు పెద్దదయ్యేకొద్దీ మన వాటా పెరుగుతూ పోయే ఏర్పాటు నాకు నచ్చదు. తప్పక తీసుకోవాల్సి వస్తే, ఏడాదికి మీరు కట్టేది ఇంతకు మించదన్న పరిమితి పాలసీలో ఉందేమో చూడండి.

బీపీ ఉంది కనుక మీకు ఇంకో మాట. 1970లలో అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పెద్ద ప్రయోగం చేసింది. వేలమందిని లాటరీ తీసినట్టు విడదీసి, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం చేసి, మిగతావాళ్ల చేత రకరకాల వాటాలు కట్టించారు. వాటా కట్టినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గించారు. ఎక్కువమంది ఆరోగ్యం దానివల్ల చెడలేదు. కానీ బీపీ ఉన్న పేదవాళ్ల విషయంలో, ఉచితంగా చూపించుకున్నవాళ్లకే అది బాగా అదుపులోకి వచ్చింది. అందుకే అడుగుతున్నాను, మీరు చూస్తున్న పాలసీ ఆస్పత్రిలో చేరితేనే ఇచ్చేదా, డాక్టరు ఫీజుకీ మందులకీ కూడానా? రెండోదైతే, మామూలు చెకప్పులకి డిడక్టిబుల్ వర్తించనిది ఎంచుకోండి. మొదటిదైతే మాత్రల ఖర్చుని నెలవారీ ఇంటి ఖర్చులోనే రాసుకోండి. ఎక్కడ తగ్గించినా అక్కడ తగ్గించవద్దు.

బీమా మొత్తాన్ని, అంటే కంపెనీ ఎక్కువలో ఎక్కువ ఇంతవరకు ఇస్తానన్న సొమ్ముని, సగానికి కోయడం కూడా వద్దు. పెద్ద బిల్లులు అరుదు కాబట్టి మొత్తం సగం చేసినా ప్రీమియం సగం కాదు. బేసిక్ పాలసీ ఒక మోస్తరుగా తీసుకుని, ఆ మొత్తం దాటాక పనిచేసే టాప్-అప్ జతచేస్తే చవగ్గా వస్తుందేమో అడగండి. కుదిరితే ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టండి, నెలవారీ వాయిదాల్లో తరచు కొంత ఎక్కువే పడుతుంది.

మీ దగ్గరున్నది 30 వేలు. అంటే 50 వేల డిడక్టిబుల్ ఈ ఏడాది మీకు కుదరదు, 25 వేలకి వెళ్లండి. అలా మిగిలిన ప్రీమియం డబ్బుని ఆ 30 వేల పక్కనే వేస్తూ పోండి. 50 వేలు దాటాక, రెన్యూవల్‌లో డిడక్టిబుల్ పెంచమనండి. పెంచమంటే కంపెనీలు మామూలుగా అడ్డు చెప్పవు. తగ్గించమంటే మళ్లీ ఆరోగ్యం వివరాలు అడిగే అవకాశం ఉంది. అందుకే తక్కువతో మొదలుపెట్టమంటున్నాను.

ఇవన్నీ చేసేముందు, ఈ వారంలోనే, పాత ఆఫీసు హెచ్ఆర్‌కి ఫోన్ చేయండి. ఆ పాలసీ ఏ తేదీతో ఆగిందో కనుక్కోండి. అదే కంపెనీలో దాన్ని వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందా, ఇన్నాళ్లూ గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుందా అని అడగండి. ఇలాంటి వీలుకి మామూలుగా గడువు ఉంటుంది. మీకు ఇప్పటికే నెల గడిచిపోయింది.