చదువు మానేసి సీసా బిరడాలు చేస్తానంటున్నాడు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మేం ఒడిశాలో రాయగడలో ఉంటాం, నేను రైల్వే ఉద్యోగిని. మావాడు కామర్స్‌లో ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, రెండో ఏడాది. వాళ్ళ మేనమామ ఫర్నిచర్ షాపులో లేత్ (కర్రని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) మీద కర్ర తిప్పడం నేర్చుకుని, ఏడాదిగా సీసాలకి బిరడాలు చేస్తున్నాడు. విదేశాల్లో వీటికి గిరాకీ ఉందని వీడియోలు చూపిస్తాడు. ఇప్పుడు చదువు ఆపేస్తాను, సొంత లేత్‌కి 60 వేలు ఇవ్వండి, మేళాల్లో అమ్ముకుని బతుకుతాను అంటున్నాడు. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్. ఇవ్వాలా, వద్దా? ప్రభుత్వ పథకాలేమైనా పనికొస్తాయా?

జవాబు: సార్, ముందు సూటిగా చెప్పేస్తాను. లేత్‌కి డబ్బు ఇప్పుడే ఇవ్వకండి, చదువు ఆపనివ్వకండి, ఆ బిరడాలు మాత్రం మానిపించకండి.

మొన్న మీరు వచ్చినప్పుడు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిన బిరడాని నాలుగు రోజులు ఇంట్లో వాడి చూశాను. చింతకర్ర అనుకుంటా, ముదురు రంగు చారలు, పైన చిన్న ఉల్లిపాయ ఆకారం, పట్టుకుని లాగేచోట బొటనవేలు కుదురుగా కూర్చోడానికి ఒక నొక్కు. ఆ నొక్కు చూసి నిజంగా ముచ్చటేసింది, ఎవరో చెబితే చేసేది కాదది, పది చేశాక చేతికే తెలుస్తుంది. సరే, తీసుకెళ్ళి నువ్వుల నూనె సీసాకి పెట్టి, కావాలనే రాత్రి సీసాని పళ్ళెంలో పడుకోబెట్టాను. పొద్దున లేచేసరికి పళ్ళెం నిండా నూనె. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఎందుకు కారిందో చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. బిరడాని వేళ్ళ మధ్య తిప్పితే కింద రబ్బరు రింగులున్న లోహపు ముక్క కొంచెం అడ్డంగా ఊగుతోంది, అంటే కర్రకి బెజ్జం నిట్టనిలువుగా పడలేదు. ఇది పెద్ద తప్పేం కాదు, కర్రని లేత్‌లోనే బిగించి డ్రిల్ బిట్‌ని వెనక వైపు నుంచి తోసి బెజ్జం వేస్తే పోతుంది, చేతి డ్రిల్లుతో వేస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా కొంచెం వంకర వస్తుంది. రెండోది అసలు సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ రబ్బరు రింగుల ముక్క వైన్ సీసా కోసం తయారైనది. కార్క్ పెట్టే వైన్ సీసా మూతి లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఏ దేశం సీసా అయినా ఇంచుమించు అంతే. మా ఇంటి నూనె సీసాకి స్కేలు పెట్టి చూస్తే 21. ఇక నూనె కారక ఏం చేస్తుంది?

మీవాడి వ్యాపారంలో లోటంతా ఈ రెండున్నర మిల్లీమీటర్లలోనే ఉందంటాను. వీడియోల్లో వాళ్ళు అమ్మేది సగం తాగిన వైన్ సీసాకి మళ్ళీ మూత పెట్టి దాచుకునే జనానికి. రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో ఎన్ని ఇళ్ళల్లో అలాంటి సీసా ఉంటుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. పైగా మన దేశంలో వైన్‌కి కూడా ఇప్పుడు చాలావాటికి మరమూతే వస్తోంది. అదే నూనె సీసా, తేనె సీసా, వెనిగర్ సీసా, ఫ్రిజ్‌లో గాజు నీళ్ళ సీసా ఏ ఇంట్లో అయినా ఉంటాయి. కాబట్టి కుర్రాడు ముందు చెయ్యాల్సిన పని లేత్ కొనడం కాదు, సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కుని మన బజార్లో దొరికే సీసాల మూతులన్నీ కొలిచి ఒక పుస్తకంలో రాసుకోవడం. ఇంకా తెలివైన పని, సీసాతో కలిపి అమ్మడం. బిరడా ఒక్కటే పెడితే చూసినవాళ్ళు "బాగుంది బాబూ" అని అక్కడ పెట్టేసి వెళ్ళిపోతారు, సీసాకి పెట్టి తేనె పోసి చూపిస్తే చెయ్యి పర్సు మీదకి వెళ్తుంది.

ఇక డబ్బు లెక్క. ఇవి నేను ఊరికే వేసుకున్న అంకెలు, మీరు అసలు ధరలు కనుక్కుని మార్చుకోండి. కర్రముక్క, రింగుల ముక్క, గరుకు కాగితం, పాలిష్ కలిపి ఒక్కోదానికి 100 రూపాయలు అవుతుందనుకుందాం, 250కి అమ్ముతాడనుకుందాం. రెండు రోజుల మేళాలో 30 పోయాయి, చాలా మంచి అమ్మకమే అది. చేతికొచ్చింది 7,500. సామానుకి 3,000 తీసెయ్యండి. స్టాలు అద్దె, బస్సు, తిండి, బసకి ఇంకో 2,500. మిగిలింది 2,000. ఆ ముప్పై చెయ్యడానికి ఒక్కోదానికి 40 నిమిషాల చొప్పున 20 గంటలు, స్టాలులో నిలబడింది ఇంకో 20 గంటలు. అంటే గంటకి 50 రూపాయలు. దీనికోసం డిగ్రీ మానేస్తావా అని అరవకుండా, ఈ లెక్కని వాడి చేతే కాగితం మీద వేయించండి. కామర్స్ చదువుతున్నాడుగా, మనకన్నా బాగా వేస్తాడు.

మరి మానిపించకండి అని ఎందుకన్నానంటే, వాడు నేర్చుకున్నది బిరడా కాదు సార్, కర్ర తిప్పడం. మన తాతల కాలంలో మంచం కోళ్ళు, పప్పుగుత్తి, కవ్వం, ఉయ్యాల గొలుసుల మధ్య రంగు పూసలు అన్నీ తరిమెన, అంటే అప్పటి లేత్, మీద తీసినవే. ఇవాళ్టికీ మెట్ల కటకటాలకి, సోఫా కాళ్ళకి, దేవుడి మందిరం స్తంభాలకి లేత్ పని చేసేవాడు కావాలి. మేనమామ షాపుకి ఆ పని ఎక్కడినుంచి వస్తోంది, ఒక్కో కాలికి ఎంత ఇస్తున్నారు అని అడగండి. నెల గడవడానికి అది, మేళాలకి బిరడాలు.

మనకి దగ్గర్లోనే చూసి నేర్చుకోవాల్సిన ఊళ్ళు రెండున్నాయి, వీడియోలు కట్టేసి అక్కడికి వెళ్ళమనండి. ఒకటి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు, ఆ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ పనికి మళ్ళీ ఊపిరి పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ మీవాడు గమనించాల్సింది రంగు వేసే పద్ధతి. బొమ్మ లేత్ మీద తిరుగుతుండగానే లక్క పుల్లని దానికి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. రెండోది బొబ్బిలి పక్కన గొల్లపల్లి, వీణలు చేసే ఊరు, అంతా పనస కర్ర. పెద్ద వీణ కొనేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి, అందుకే వాళ్ళు కానుకలుగా ఇచ్చుకునే బుల్లి వీణలు కూడా చేస్తారు. చేతిలో ఉన్న పనిని కొనేవాడి చేతికి సరిపడేలా మార్చుకోవడం అంటే అదీ. రాయగడ నుంచి బొబ్బిలికి రైల్లో పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు, మీకు నేను చెప్పాలా.

పథకాల గురించి అడిగారు. చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం, బొమ్మల తయారీ కూడా అందులోవే, పనిముట్లకి 15,000 ఇస్తారు, లోను కూడా ఉంది. కానీ ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి అది వర్తించదు, మీరు రైల్వేలో ఉన్నారు కాబట్టి ఏజెంట్ ఎవరైనా "నేను చేయిస్తాను, ఐదు వేలివ్వండి" అంటే నమ్మకండి. చిన్న వ్యాపారాలకి లోన్లిచ్చే ముద్ర పథకంలో శిశు అనే రకం కింద 50 వేల దాకా లోను దొరుకుతుంది, కానీ గంటకి 50 రూపాయలు మిగిలే పనికి అప్పు చెయ్యడం నాకు ఇష్టం లేదు. పనికొచ్చేది పహచాన్ కార్డు. కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయం ఇచ్చే చేతివృత్తి గుర్తింపు కార్డు అది. వాళ్ళు నడిపే బజార్లలో స్టాలు అడగాలంటే అది చేతిలో ఉండాలి. పని చేసి చూపించాల్సి వస్తుంది, కాబట్టి ముందు నిట్టనిలువు బెజ్జం సంగతి చూసుకోమనండి.

మేళాల విషయంలో మీవాడికి ఒక లాభం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, స్టేషన్లో హిందీ. మన రాయగడ చైతిలో, కొరాపుట్ పరబ్‌లో, భువనేశ్వర్ తోషాలి మేళాలో ఒడియాలో బేరమాడతాడు, విశాఖ శిల్పారామంలో తెలుగులో. స్టాలు దగ్గర ఆగిన మనిషితో వాళ్ళ భాషలో రెండు మాటలు మాట్లాడితే అమ్మకం ఎలా మారుతుందో షాపు నడిపేవాళ్ళని అడగండి. మొదటిసారే భువనేశ్వర్ వద్దు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం జనం బాగా ఉంటారు కదా, అక్కడ తెలిసిన షాపువాళ్ళ బల్ల మీద పది పెట్టించి ఏ ఆకారం పోతోందో, ఏది మిగిలిపోతోందో చూడమనండి.

చదువు సంగతి. ప్లస్ త్రీకి ఇంకో ఏడాదిన్నర, పూర్తి చెయ్యాలి. ఆ తర్వాత కూడా మనసు కర్ర మీదే ఉంటే దారులున్నాయి. బెంగళూరులో వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ చెక్కపని మీద చిన్న కోర్సులు నడుస్తాయి. యంత్రం మీద ఇష్టం ఎక్కువైతే ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్ళు, ఇనుప లేత్ పని అది, ఫ్యాక్టరీల్లో అడుగుతారు. డిగ్రీ అయ్యాక ఐటీఐ ఏంటండీ అని మీ బంధువులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక్కడినుంచి కుర్రాడికి. బాబూ, ఇది నువ్వు కూడా చదువుతావని తెలుసు. లేత్ దగ్గర పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి గ్లోవ్స్ వద్దు, మణికట్టుకి కట్టుకున్న అమ్మవారి దారం కూడా తీసి జేబులో పెట్టుకో, తిరిగే కర్ర దేన్ని పట్టుకున్నా వదలదు. మొహానికి షీల్డు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. పచ్చి కర్ర తిప్పకు, ఇవాళ నిగనిగలాడిన బిరడా వేసవికి పగులుతుంది. షాపులో మిగిలిన టేకు, వేగిస, పనస ముక్కలే నీకు చాలు, అడవి నుంచి ఎవరో తెచ్చి చవకగా ఇస్తానంటే మాత్రం తీసుకోకు, బిల్లున్న కర్రే కొను. రింగుల ముక్క క్రోమ్ పూతది కాకుండా స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకో, వెనిగర్ లాంటి పులుపుకి ఆ పూత లేచిపోతుంది. ఇంకోటి, నువ్వు వేసింది లక్క కరిగించిన స్పిరిట్ పాలిష్ అని వాసన బట్టి అనుకున్నాను. నూనె సీసాకి పరవాలేదు, మందు సీసాకని అమ్మితే మాత్రం ఒలికిన చుక్కకే మెరుపు పోతుంది, లక్కని కరిగించేది ఆ ఆల్కహాలే కదా. ఎవరు ఏ సీసాకి కొంటున్నారో అడిగి మరీ ఇవ్వు.

సార్, పరీక్షలయ్యేదాకా మేనమామ లేత్ మీదే రోజుకి గంట చెయ్యనివ్వండి. 50 బిరడాలు చేసి, 50 అమ్మి, ప్రతి రూపాయీ పుస్తకంలో రాసి చూపిస్తే అప్పుడు లేత్ గురించి మాట్లాడదాం, కొత్తది కాకపోయినా పాతది దొరుకుతుందేమో నేనూ వాకబు చేస్తాను. ఈలోగా 21 మిల్లీమీటర్ల మూతికి సరిపోయేది ఒకటి చేసి పంపించమనండి. నూనె సీసాని మళ్ళీ పడుకోబెట్టి చూస్తాను, కారకపోతే 250 ఇచ్చి కొంటాను, మా ఆవిడ ముందే ఒప్పుకుంది.