ముందు ఫైలింగ్, ఆ తర్వాతే ప్రదర్శన

నాన్నా,

నువ్వు బెంగళూరులో ఉద్యోగం మానేశావని, డ్రిప్పు ఫిల్టరు మీద పేటెంటుకు వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది. బోరు నీళ్లతో వచ్చే ఇసుకకు జల్లెడ పూడిపోవడం, వాడు మోటారు ఆపి, ఫిల్టరు విప్పి కడుక్కుంటూ బోరును తిట్టుకోవడం నేను చీనీ తోటకు వచ్చినప్పుడల్లా చూశాను. ఆ తిట్లలోంచి నువ్వొక వస్తువు పుట్టించావంటే నాకు గర్వంగా ఉండదా? ఉంది. కానీ ఆ సాయంత్రమే మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో నీ ఫిల్టరు వీడియో కనిపించింది. మూత తీసి, లోపల స్ప్రింగు ఎప్పుడు కదులుతుందో, మురికి నీళ్లు ఏ దారిన బయటికి పోతాయో మీ నాన్న వేలుపెట్టి మరీ చూపిస్తున్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది.

ముందు ఆ వీడియో తీసేయించు. ఎవరైనా ఫార్వర్డ్ చేశారేమో కనుక్కుని వాళ్లతోనూ తీసేయించు. చుట్టాల గ్రూపులో పెట్టింది బహిరంగపరచడం కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన లాయరు ఫీజు నువ్వు కడుతుండగా జరుగుతుంది. అది నీకెందుకు?

ఇలాంటిది ముందే ఎవరైనా చేశారా అని వెతకడం గురించి పెద్దగా చెప్పను, నీకు కంప్యూటరు నాకంటే బాగా తెలుసు. మన పేటెంటు ఆఫీసు ఇన్‌పాస్, ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, పేటెంట్లు వెతికే ఈ సైట్లన్నీ ఉచితమే. ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసుకుని తనంతట తాను కడుక్కునే ఫిల్టర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. నీది వాటికంటే ఎక్కడ వేరో ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా వెతుకు.

ఇప్పుడు అసలు సంగతి. 2005లో పేటెంటు చట్టం సవరించిన తర్వాత, ఒకటి రెండేళ్లకనుకుంటా, నేను పనిచేసే పేటెంటు ఏజెంట్ల ఆఫీసుకు ఒక లేత్ షాపాయన వచ్చాడు. వేరుశనగ కాయలు ఒలిచే మిషన్‌లో చిన్న మార్పు చేశాడు. పప్పు పగలడం బాగా తగ్గింది. చదువు పెద్దగా లేదు కానీ, డ్రాయింగులు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించింది. అన్నీ రాసుకున్నాక, అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను, దీన్ని ఎవరికైనా చూపించారా, అమ్మారా అని. ఆయన ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి లామినేషన్ చేయించిన పేపర్ కటింగు తీశాడు. అంతకు ముందటేడు రైతు మేళాలో మిషన్ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో. పక్క పలక తీసే ఉంది, లోపలి రోలర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద విలేకరి అది ఎలా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు రాశాడు. చుట్టుపక్కల ఊళ్లలో కొందరికి అమ్మానని కూడా చెప్పాడు.

ఆయన దృష్టిలో ఆ కటింగు ఈ మిషన్‌ను మొదట చేసింది తనేననడానికి సాక్ష్యం. చట్టం దృష్టిలో, అప్లికేషన్ తేదీకి ముందే ఆ సంగతి లోకానికి తెలిసిపోయిందనడానికి సాక్ష్యం. ఎవరు చెప్పారన్నది లెక్కలోకి రాదు. నీ నోటితో నువ్వే చెప్పినా కొత్తదనం పోయినట్టే. ప్రదర్శన పెట్టిన 12 నెలల్లోగా ఫైల్ చేస్తే పరవాలేదని 31వ సెక్షన్ చెబుతుంది కదా అంటావేమో. ఆ వెసులుబాటు కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకు. ఊళ్లో జరిగే రైతు మేళాకు కాదు.

ఇదంతా మా సీనియర్ ఆ లేత్ షాపాయనకు నెమ్మదిగా చెప్పి, ఈ మోడల్ పోయింది, దీనిమీద మీరు ఇంకేదైనా కొత్త మార్పు చేసి ఉంటే అది ఎవరికీ చూపకుండా తీసుకురండి అన్నారు. ఆయన నమ్మలేదు. నా మిషన్‌ను నేను చూపించుకుంటే తప్పేమిటి సార్ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే! కొన్ని దేశాల్లో ఈ విషయంలో కాస్త దయ ఉంది. అమెరికాలో సొంతంగా బయటపెట్టుకున్నా ఏడాది గడువు ఇస్తారు. మన దగ్గర లేదు. ఆయన వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లాడు. అతను కటింగు ఊసెత్తకుండా ఫైల్ చేశాడు. పేటెంటు ఆఫీసు జర్నల్‌లో ప్రచురణ అయ్యాక, అప్పటికే అలాంటి మిషన్లే చేసి అమ్ముతున్న ఒక వ్యాపారి ప్రీ-గ్రాంట్ అపోజిషన్ వేశాడు. గ్రాంటు, అంటే పేటెంటు మంజూరు, కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, అప్పట్లో దానికి ఫీజు కూడా లేదు. జత చేసిన సాక్ష్యాలు రెండు. ఒకటి ఆ పేపర్ కటింగు. రెండోది ఒక రైతుకు ఆయన స్వయంగా రాసిచ్చిన బిల్లు, కింద ఆయన సంతకంతో. అప్లికేషన్ తిరస్కరించారు. తర్వాత ఒకసారి బస్టాండులో కనిపించి నమస్కారం పెట్టాడు. మిషన్ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

అందుకని, ఫైలింగ్ రసీదు చేతికి వచ్చేదాకా మేళా లేదు, యూట్యూబు లేదు, పక్క తోటాయనకు అమ్మడం లేదు. అచ్చు పోయించే వర్క్‌షాపుకు వెళ్లేముందు విషయం బయటికి చెప్పబోమని కాగితం మీద సంతకం తీసుకో. మొహమాటపడకు. మన తోటలో పరీక్షించుకో, కానీ గేటు వేసుకుని. పరీక్ష కోసం నలుగురిలో వాడితే చట్టం కొంత మినహాయింపు ఇస్తుంది. దాని మీద ఆధారపడొద్దు.

ప్రొవిజనల్, అంటే పూర్తి వివరం కంటే ముందు వేసే అర్జీ, వేసి తేదీ పట్టుకుంటానని అన్నావట. మంచిదే. అయితే ప్రొవిజనల్ అంటే రెండు పేరాల కాగితం అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అందులో నువ్వు వివరించిన దానికే ఆ తేదీ దక్కుతుంది. తర్వాత ఇచ్చే పూర్తి వివరంలో, అంటే కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో, చేర్చినదానికి తర్వాతి తేదీయే. స్ప్రింగు, వాల్వు, మురికి దారి, అన్నీ బొమ్మలతో సహా ఇప్పుడే రాయి. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ వెయ్యాలి, లేకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. మన దేశంలో మొదటి అర్జీ 1856 మార్చి 3న కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజినీరు పెట్టుకున్నాడు, పంకా లాగే యంత్రం మీద. డ్రాయింగులతో పూర్తి వివరం ఇచ్చింది సెప్టెంబరులో. ముందు తేదీ, తర్వాత వివరం అన్నది అంత పాత అలవాటు. కాకపోతే ఇప్పుడు ముందు ఇచ్చేదాంట్లోనే సరుకు ఉండాలి.

ఫీజు చూసి భయపడకు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే అప్లికేషన్‌కు 1,600 రూపాయలు, అప్లికేషన్‌ను పరీక్షించమని అడిగే ఫారం 18కి 4,000. 30 పేజీలు, 10 క్లెయిములు (ఏది నీదని హక్కు అడుగుతున్నావో చెప్పే వాక్యాలు) దాటితే అదనం. ఎగ్జామినేషన్ కోసం నువ్వే అడగాలి, వాళ్లంతట వాళ్లు చేయరు. 2024 మార్చి 15 నుంచి వేసిన అప్లికేషన్లకు అలా అడిగే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత వ్యాసాలు చదివి మోసపోకు.

క్లెయిముల్లో ఒక గుంట ఉంది. ‘తోటకు నీరు పెట్టే పద్ధతి’ అని రాశావా, వ్యవసాయ పద్ధతులకు పేటెంటు లేదని చట్టంలోని సెక్షన్ 3(హెచ్) చూపిస్తారు. తెలిసిన వాల్వు, తెలిసిన జల్లెడ పక్కపక్కన పెట్టానన్నట్టు రాస్తే 3(ఎఫ్) చూపిస్తారు. ఆ రెండూ కలిసినప్పుడే, విడిగా జరగనిది ఏం జరుగుతుందో చెప్పాలి. నీ స్నేహితుడు రాసిన మొబైల్ యాప్‌ను దీంట్లో ఇరికించకు. ఉత్త కంప్యూటరు ప్రోగ్రాములకు పేటెంటు లేదనే 3(కె) ఇంకో తలనొప్పి. వస్తువును వస్తువుగా రాయి.

ఎగ్జామినర్ నుంచి మొదటి రిపోర్టు రాగానే బెంబేలెత్తొద్దు. అభ్యంతరాలు లేని రిపోర్టు నేను అరుదుగా చూశాను. జవాబుకు ఆరు నెలలు ఉంటుంది. రిపోర్టు రాసిన ఆ మనిషి నీకు శత్రువు కాదు, నువ్వు రాసింది చదవడమే ఆయన ఉద్యోగం. మా కాలంలో హియరింగ్ అంటే రాత్రి రైలెక్కి, పొద్దున్నే చెన్నై గిండీలో దిగి, ఫైళ్లు చంకలో పెట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు వీడియోలోనే అయిపోతుంది. ఆ రైలు కబుర్లు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. మీ నాన్న స్టేషన్‌కు వచ్చి సీటు దొరికేదాకా నిలబడేవాడు.

ఒక మాట, జర్నల్‌లో ప్రచురణ కాగానే ‘పేటెంట్ వచ్చింది’ అని శాలువాలు కప్పించుకునే తెలివి నీకు వద్దు. 18 నెలలు నిండితే దాదాపు ప్రతి అప్లికేషనూ ప్రచురణ అవుతుంది. గ్రాంటు గ్యారంటీ అనే ఏజెంటు తగిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయ్.

నాకు ఇంకో భయం ఉంది. ఈ పని ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టావు. నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, నువ్వు కనిపెట్టినవి ఎవరివని రాసుందో చదివి నాకు చెప్పు. ఆ స్నేహితుడు ఆలోచనలో భాగం పంచుకుంటే ఇన్వెంటరుగా అతని పేరు ఉండాల్సిందే. కేవలం విడిభాగాలు బిగించి ఉంటే అక్కర్లేదు. ఇది ఇప్పుడే, ఇద్దరూ నవ్వుకుంటున్నప్పుడే, కాగితం మీద రాసుకోండి. డబ్బు వచ్చాక కూర్చుని రాసుకున్నవాళ్లు నాకు కోర్టులోనే కనిపించారు.

క్లెయిములు రాశాక నాకు పంపు. దిద్దుతాను, తిడతాను, ఫీజు తీసుకోను. గ్రాంటు అయితే మూడో ఏటి నుంచి లెక్కగట్టి ఏటేటా రెన్యువల్ కట్టాలి, మొదట్లో నీలాంటివాళ్లకు ఏడాదికి 800 రూపాయలే. గడువు దాటితే ఇంకో ఆరు నెలలు అదనపు ఫీజుతో కట్టొచ్చు, అదీ దాటితే పేటెంటు పోతుంది. నువ్వు కరెంటు బిల్లే మర్చిపోతావు. ఆ తేదీలు కోడలి ఫోన్‌లో పెట్టించు.

మీ అత్త