లందలు తవ్వే ముందు

అమ్మలూ,

పాత తోళ్ల లందల దిబ్బ, అదే ఒకప్పుడు తోళ్లు నానబెట్టి పదునుచేసిన గుంతలున్న చోటు, దాని తవ్వకం నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కోటలూ గుళ్లూ తవ్వడానికి అందరూ ఎగబడతారు. ఊరు ముక్కు మూసుకుని దూరంగా నెట్టిన చోటును నువ్వు కోరి ఎంచుకున్నావు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయమూ అంతే ఉంది.

గ్రిడ్ వేయడం, లెవెల్స్ తీయడం, సంచులకు చీటీలు కట్టడం నీకు తెలిసినవే.

భయం సంగతి ముందు విను. దొమ్మరోగపు క్రిమి, అదే ఆంత్రాక్స్, బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. స్కాట్లాండ్‌లో గ్రినార్డ్ దీవి మీద 1942లో దాన్ని ఆయుధంగా పరీక్షిస్తే, ఆ నేల సురక్షితమని చెప్పడానికి 1990 దాకా పట్టింది. నీ దిబ్బ అంత ప్రమాదం కాకపోవచ్చు. కానీ జబ్బుతో చచ్చిన పశువుల తోళ్లు కూడా లందలకు వచ్చేవి. వెంట్రుకల పొర తగిలితే పని ఆపించు. మట్టి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. పొడి వెంట్రుకలు దులపొద్దు, తడిపి తీయండి. చేతి మీద నొప్పిలేని పుండు లేచి మధ్యలో నల్లబడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం తవ్వుతున్నావో చెప్పు.

లోతైన లందలోకి ఒంటరిగా దిగావని తెలిస్తే ఊరుకోను. అడుగు బురద కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పైకి రావచ్చు. కుళ్లిన గుడ్ల కంపు ఉన్నట్టుండి మాయమైతే గాలి బాగుపడిందనుకోకు, ముక్కు మొద్దుబారి ఉంటుంది.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన కింద ఇలాంటి చోటే తవ్వాం. లందలు వరసగా బయటపడ్డాయి. ఫొటో తీసేవాళ్లు వస్తున్నారని ఆయన గోడలన్నీ గీకించి కడిగించాడు. కొన్నిటి లోపల తెల్లటి పెచ్చు, కొన్నిటిలో గోధుమరంగు పీచు అంటుకుని ఉన్నాయి. ఆయన కంటికి రెండూ మురికే. సాయంత్రానికి లందలన్నీ అద్దాల్లా తయారయ్యాయి. ఫొటో చాలా బాగా వచ్చింది. రిపోర్టు రాయడానికి కూర్చున్నాక ఏ లందలో ఏ పని జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. తెల్లటిది సున్నం, వెంట్రుకలు ఊడటానికి తోలును నానబెట్టింది అందులోనే. పీచు చెట్టుబెరడుది, నెలల తరబడి తోలు పదునెక్కింది ఆ లందలో. ఈ రెంటికీ నడుమ, సున్నం విరిచి తోలును మెత్తబరచడానికి కుక్కల పెంట, పావురాల రెట్టలు కలిపిన నీళ్లు వాడేవాళ్లు. తోలు ఏ లంద నుంచి ఏ లందకు నడిచిందో ఆ గోడలే చెప్పాలి. అంతా నీళ్లపాలైంది.

ఎముకలదీ అదే గతి. తిండి ఎముకలని చెత్తకుప్పలో పోయించాడు. తోళ్లు చాలాసార్లు కొమ్ములు, కాళ్ల చివర్లతోనే వచ్చేవి. పక్కటెముకలు, తొడ ఎముకలు లేకుండా కొమ్ముల లోపలి ఎముకలు, గిట్టల ఎముకలే కుప్పగా ఉంటే అది భోజనపు చెత్త కాదు. ఆయన చెడ్డవాడేం కాదు, నాకు తాపీ పట్టడం నేర్పింది ఆయనే. గుడి రాళ్ల దగ్గర నేర్చిన శుభ్రాన్ని ఇక్కడికి తెచ్చాడు, అంతే.

నువ్వు మాత్రం ఒక్కో లందలో పూడిక సగమే తీయి. ఆ నిలువు కోతలో కనిపించే పొరల బొమ్మ, అదే సెక్షన్, గీశాకే మిగతా సగం. గోడకు అంటిన ప్రతిదీ లందవారీగా నమూనా తీసి దాచు. ఫొటో కోసం ఎవరు తొందరపెట్టినా వినకు, నా పేరు చెప్పు. తడి తోలు ముక్క దొరికితే క్షణం కూడా ఎండనివ్వకు. నీళ్లతోనే డబ్బాలో మూసి చల్లగా, చీకట్లో ఉంచు. ఎండితే ముడుచుకుని చిట్లిపోతుంది, మళ్లీ రాదు.

ఆ పని చేసినవాళ్ల కుటుంబాలు దగ్గర్లో ఉంటే తవ్వకం మొదలెట్టక ముందే వెళ్లి కలువు. ఆ చోటు వల్ల వాళ్ల పెద్దలు పడ్డ అవమానాలు ఉంటాయి. వాళ్లు మాట్లాడదలిస్తే కూర్చుని విను, వద్దంటే బలవంతపెట్టకు.

మరీ గద్దించినట్టుంటే ఏమనుకోకు తల్లీ. నీ చేతులు చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు, గాయం తగిలినా ఎవరికీ చెప్పవు. అందుకే ఇన్నిసార్లు చెబుతున్నా. మట్టి పరీక్ష ఫలితం రాగానే, ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న